రేడియేటర్‌లో పోసిన తల్లి పసుపు

నిన్న మా అల్లుడు హన్మకొండలో ఎవరిదో పాత డీజిల్ ఎస్‌యూవీ బేరమాడి, తీసుకోవచ్చా లేదా చెప్పమని బానెట్ ఎత్తి నన్ను దాని ముందు నిలబెట్టగానే, నా చెయ్యి నన్నడగకుండానే చల్లారిన రేడియేటర్ మూత తిప్పింది. లోపలికి తొంగిచూసి వాసన కూడా చూశాను. "ఏం దేవులాడుతున్నవ్ మామా?" అని అతడడిగితే, పసుపు అని ఎలా చెప్పను?

నా ఈడువాళ్ళయితే నవ్వకుండా వింటారు. మా బావ, అంటే అక్క భర్త, మొదట కొన్నదీ ఇలాంటి బండే. అప్పటికే ఏదో పెద్ద కుటుంబం తనివితీరా వాడుకొని వదిలేసింది. పొద్దున సెల్ఫ్ కొడితే వాడకట్టంతా లేచేది గాని అది లేచేది కాదు. లేచిందా, ఆ నల్లపొగకు ఆరేసిన తెల్లధోవతులు గొంగళ్ళయ్యేవి. డీజిల్ ముల్లు సగంలో ఇరుక్కుపోయి, ట్యాంకు నిండినా ఎండినా సగమే చూపేది. అందుకని బండెక్కిన ప్రతివాళ్ళమూ దానివంకే చూస్తూ, డీజిల్ ఎంత మిగిలిందో, పెట్రోల్ బండయితే ఇంకెంత తాగేదో అని గొంతులు పోయేలా వాదించుకునేవాళ్ళం. పక్కనే ఇంజన్ వేడి చూపే ముల్లొకటి ఉందన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

ఆ ఏడు ఆ బండిలోనే నాయనమ్మను మేడారం తీసుకుపోయాం. అక్క కాన్పు కష్టమై దవాఖానలో ఉన్నప్పుడు, తల్లీబిడ్డా దక్కితే తన ఎత్తు బంగారం ఇస్తానని ఆమె సమ్మక్కకు మొక్కింది. మేడారంలో బంగారమంటే బెల్లమే కదా. సమ్మక్క తల్లికి తక్కువ పడకూడదని రెండుపూటల అన్నం ఒకేసారి తిని త్రాసెక్కిన మనిషి. ఆ సాయంత్రమే జాతర ముగిసి సమ్మక్క వనంలోకి వెళ్ళిపోతుంది, మళ్ళీ రెండేళ్ళకు గాని రాదు. నాయనమ్మ దగ్గు వింటున్న మాకు ఆ రెండేళ్ళ మీద నమ్మకం లేదు.

తాడ్వాయి అడవిలో, జాతరబండ్ల వరుస మధ్య, బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. ఎంత ఆవిరంటే, వెనకవాళ్ళు మంచు కమ్మిందనుకొని మిట్టమధ్యాహ్నం లైట్లు వేశారు. చల్లారాక చూస్తే రేడియేటర్‌కు సన్నని చిల్లి. పోసిన నీళ్ళు పోసినట్టే కిందికి. ఆ అడవిలో పులైనా దొరుకుతుందేమో గాని మెకానిక్ దొరకడు. ఎండ వాలుతోంది. అక్క బిడ్డను గుండెకు హత్తుకొని ఏడుస్తోంది. అంత బెల్లాన్నీ నెత్తిన పెట్టుకొని, నాయనమ్మను వీపున వేసుకొని నడవడానికి కూడా నేను సిద్ధపడ్డాను. లేవబోతే బెల్లం మూటే కదల్లేదు.

రోడ్డు పక్కన కూలబడిన బావ, పసుపు పోస్తే చిల్లి పూడుతుందని డ్రైవర్లంటారని గొణిగాడు. మా దగ్గరున్న పసుపల్లా తల్లికని తెచ్చిందే. అందరం సంచి వైపు చూసి, చూడనట్టు తలలు తిప్పుకున్నాం.

"నా చెయ్యి రాదవ్వా, అది తల్లి పసుపు," అన్నాడు బావ.

"ఎవలి దగ్గరికి పోతానం బిడ్డా మనం? బండే పోకుంటే పసుపు ఒక్కతే నడిచిపోతదా? జర జరుగు," అని నాయనమ్మ దండం పెట్టి, పొట్లమంతా తానే పోసేసింది.

నీళ్ళు పోసి చూస్తే చిల్లి పూడింది, చెమర్చడం మాత్రం మిగిలింది. ఇంజన్ వేడి దిగాలని బావ హీటర్ పెడితే, ఆ ఎండలో మేం ఉడికిన అన్నమయ్యాం. డీజిల్ ఊసెత్తినవాడు లేడు. అందరి కళ్ళూ రెండో ముల్లు మీదే. బండంతా పెండ్లింటి వాసన.

చేరేసరికి డప్పులు మొదలయ్యాయి. తల్లి ఇంకా గద్దె మీదే ఉంది. పసుపులేని బెల్లం ఎలా ఇస్తావని అక్క అడిగితే, నాయనమ్మ వంగి, రేడియేటర్ అంచున పేరుకున్న పచ్చని తడిని వేలితో తీసి బెల్లం ముద్దలకు బొట్లు పెట్టింది.

"డీజిల్ వాసనొస్తాందవ్వా!" అంది అక్క.

"రానియ్యి. ఎంత తిప్పలవడి వచ్చినమో తల్లికి తెలువద్దా?"

మరుసటి జాతరకు నాయనమ్మ లేదు. ఆ బండినీ బావ ఎవరికో అమ్మేశాడు. అప్పటినుంచి ఏ పాత బండి బానెట్ ఎత్తినా నా చెయ్యి రేడియేటర్ మూత మీదికే పోతుంది. ఇప్పటి బండ్లు వేడెక్కకముందే ఎర్రదీపం వెలిగించి హెచ్చరిస్తున్నాయి, పాత బండికి ఏ రోగమొస్తుందో అల్లుడి ఫోనే చెబుతోంది. డీజిలో పెట్రోలో నీ ఇష్టం గాని వేడి ముల్లు చూసుకో, డాష్‌బోర్డులో పసుపు పొట్లం పెట్టుకో అన్నాను. కూలెంట్ ఏ దుకాణంలోనైనా దొరుకుతుందని నవ్వాడు. నిజమే, దొరుకుతుంది.

నేను మూత బిగించాను. దాని కింద తుప్పు ఎర్రగా ఉంది. ఎక్కడా పచ్చన లేదు. ఇదీ మా బండి కాదు.