నేనెవరో చెప్పుకోండి చూద్దాం

పెద్దవయసు మనిషి కనబడితే చాలు, కొందరికి పరీక్షలు పెట్టే గుణం పుట్టుకొస్తుంది. గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టకముందే "నేనెవరో చెప్పుకోండి చూద్దాం!" అంటారు. నేను బడిలో లెక్కల టీచరుని. పరీక్షలు పెట్టడం నా ఉద్యోగం. అయినా పాఠం చెప్పకుండా పరీక్ష పెట్టే ధైర్యం నాకు ఇంతవరకూ రాలేదు.

మా బాబాయ్ సంగతి చెబుతున్నాను. ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు బాగుచేస్తాడు. వీధి చివర, మందుల షాపు పక్కన, మనిషి అటూ ఇటూ తిరిగితే భుజాలు గోడలకి తగిలేంత కొట్టు ఆయనది. పని మొదలుపెట్టే ముందు బల్ల మీద ఒక పాత తెల్లగుడ్డ పరుస్తాడు. విప్పిన ప్రతి ముక్కనీ ఎడమ నుంచి కుడికి వరసగా పేరుస్తాడు, పేరుస్తూ దాని పేరు పైకి చెబుతాడు. బిగించేటప్పుడు కుడి నుంచి వెనక్కి వస్తాడు. గుడ్డ ఖాళీ అయితేనే పని అయినట్టు. "చేత్తో పెట్టి, నోటితో చెప్పి, కంటితో చూసింది ఎక్కడికి పోతుందే?" అనేవాడు. గుడ్డ పరిచి ఉన్నంతసేపూ దేవుడొచ్చి పలకరించినా మాట్లాడడు.

అలాంటి మనిషి ఒక ఇస్త్రీపెట్టెలో ఎర్తు వైరు బిగించకుండా మూత వేసి ఇచ్చేశాడు. దాని స్క్రూ గుడ్డ మీదే ఉంటే, గుడ్డతో సహా మడిచి పక్కన పెట్టాడట. తీసుకెళ్ళినావిడకి షాక్ కొట్టింది. అదృష్టం బాగుండి చెయ్యి జివ్వుమనడంతో పోయింది. ఆవిడ కొట్టు ముందు నిలబడి వీధంతా వినబడేలా తిట్టింది. తిట్టడం న్యాయమే, ఆవిడ మీద నాకేం కోపం లేదు.

నా కోపమంతా తర్వాత జరిగినదాని మీద. బాబాయ్ కొడుకు, అంటే మా తమ్ముడు, ఆ సాయంత్రమే కొట్టు మూసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "నాన్నకి మతిమరుపు వచ్చేసింది అక్కా. ఇంక కొట్టు ఎవరికైనా అద్దెకిచ్చేస్తా" అన్నాడు. పిన్నీ, మరదలూ తలూపారు. అంతకు కొన్ని వారాల ముందు నుంచీ ఆయన ఎక్కడ పడుకుంటున్నాడో వీళ్ళలో ఒక్కరికీ గుర్తు రాలేదు. మతిమరుపు ఎవరికండీ?

ఇంట్లోంచే ఆఫీసు పని చేసుకుంటానని తమ్ముడు బాబాయ్ గది తీసుకున్నాడు. ఆయన మంచం హాల్లోకి, సరిగ్గా టీవీ ఎదుటికి వచ్చింది. ఇంటిల్లిపాదీ చూడాల్సినవన్నీ చూసి లేచేదాకా ఆయన ఆవులిస్తూ కూర్చోవాలి. తెల్లారకుండానే వంటింటి గిన్నెల మోత. పాపం, కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో! పగలు చూసినవీ విన్నవీ తలలో కుదురుకునేది నిద్రలోనే. నిద్ర లేనివాడికి మనసు నిలవదు, మనసు నిలవనప్పుడు ఏదీ లోపలికే వెళ్ళదు. వెళ్ళనిది మళ్ళీ బయటికెలా వస్తుంది? పరీక్ష ముందు రాత్రంతా మేలుకున్న పిల్లల తెల్లకాగితాలు నేను ఎన్ని దిద్దలేదు!

డాక్టరు దగ్గరికి నేనూ వెళ్ళాను. ఆవిడ ఓపిగ్గా చూసింది, చేయించాల్సిన పరీక్షలు చేయించింది. "ఇప్పటికైతే జబ్బేం కనబడలేదు. వయసుకి పేర్లు కాస్త ఆలస్యంగా గుర్తొస్తాయి. ముందు బాగా నిద్రపోనివ్వండి. నడవనివ్వండి, నలుగురితో మాట్లాడనివ్వండి, అలవాటైన పని మాన్పించకండి. కొన్నాళ్ళాగి మళ్ళీ చూస్తాను" అంది. అందులో తమ్ముడికి 'వయసు' అన్న ముక్కొక్కటే వినబడింది. దారిలో బాదంపప్పు కొన్నాడు. ఫోనులో జ్ఞాపకశక్తి ఆట ఒకటి ఎక్కించాడు. పళ్ళ బొమ్మలకి జతలు వెతకాలట. మోటారు విప్పి బిగించే మనిషి చేత ద్రాక్షపండుకి ద్రాక్షపండుని కలిపిస్తున్నారు! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

కొట్టు పోయింది, కొట్టుదాకా నడక పోయింది, మందుల షాపాయనతో కబుర్లు పోయాయి. మిగిలినవి సోఫా, టీవీ, పరీక్షలు. వచ్చినవాళ్ళు అడగడం, ఆయన నోరు తెరిచేలోపే మరదలు జవాబు అందించడం, "మర్చిపోతున్నారు పాపం" అని ఆయన ఎదుటే పిన్ని నిట్టూర్చడం. తీరిగ్గా తలుచుకుంటే వచ్చే పేరు కూడా ఆ కంగారుకి రాదు.

ఒక సెలవు రోజు మరదలి మేనమామ వచ్చాడు. వస్తూనే నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏం అన్నయ్యగారూ, నేనెవరో చెప్పుకోండి చూద్దాం!"

బాబాయ్ నవ్వాడు. వెతుక్కున్నాడు. "మీరు... మన..."

"క్లూ ఇవ్వమంటారా?" అన్నాడాయన. హాలంతా నవ్వింది. మొహం కడుక్కొస్తానని బాబాయ్ లేచి వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పటికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఇంక నా నోరు ఆగలేదు. "ఇంటికొచ్చిన మనిషి తనెవరో తను చెప్పుకోవడం మర్యాదండీ. ఇదేమైనా క్విజ్జా? ఒరేయ్ తమ్ముడూ, ఆయన్ని నిద్రపోనివ్వకుండా మొన్న రాత్రి టీవీలో ఏం చూశారో చెప్పు. నీకూ క్లూ ఇవ్వనా?"

వాడు నెమ్మదిగా, "నువ్వు అరిచి వెళ్ళిపోతావు అక్కా. మళ్ళీ ఎవరికైనా షాక్ కొట్టి ప్రాణం పోతే?" అన్నాడు.

ఆ భయం అబద్ధం కాదు. "ముందు ఆయన గది ఆయనకివ్వు. ఆ తర్వాత కొట్టు తెరిపించు. చేసిన ప్రతిదీ పక్క వీధి ఎలక్ట్రీషియన్ చూశాకే..." అని నేను లెక్కలు కడుతుంటే బాబాయ్ అడ్డొచ్చాడు.

"నా గురించేనా మాట్లాడుకుంటున్నారు? అయితే నన్నూ అడగండి." ఆయన గొంతు అంత గట్టిగా నేను ఎప్పుడూ వినలేదు. "ఎవరికైనా చూపించుకుంటాను, నాకేం నామోషీ లేదు. ఈయన పేరు నాకు గుర్తు రాలేదు, నిజమే. ఆ షాక్ కొట్టినావిడ మొహం మాత్రం ఒక్కరోజు కూడా మర్చిపోలేదురా."

ఎవరూ నవ్వలేదు. ఆ సాయంత్రమే మంచం గదిలోకి వెళ్ళింది.

నిద్ర తిరిగొచ్చింది. పొద్దున్నే నడక మొదలైంది. పేర్లన్నీ తిరిగి రాలేదు, ఆ సంగతి దాచను. ఎండలు తగ్గాక డాక్టరు మళ్ళీ చూసి సరే అంది. తమ్ముడు జేబులోంచి తాళంచెవి తీసి తండ్రి చేతిలో పెట్టాడు. పక్క వీధి ఎలక్ట్రీషియన్ సాయంత్రాలు వచ్చి చేసినవన్నీ మీటరు పెట్టి చూసి వెళుతున్నాడు.

మొన్న నేను కొట్టులో ఉండగా ఒకాయన మిక్సీ చంకలో పెట్టుకుని వచ్చాడు. "ఏం పెద్దాయనా, నేనెవరో గుర్తుపట్టారా?" అన్నాడు, పళ్ళన్నీ బయటపెట్టి. నేను పళ్ళు నూరుతూ లేవబోయాను.

బాబాయ్ నన్ను కూర్చోమని చేత్తోనే సైగ చేశాడు. "మీరెవరో మీకు తెలుసు కదా బాబూ, చాలు. మిక్సీకి ఏమైందో చెప్పండి" అన్నాడు. చెప్పిందంతా విన్నాడు. గుడ్డ దులిపి బల్ల మీద పరిచాడు.

"ఇంక నాతో ఎవరూ మాట్లాడకండి."