పెద్దసారును అడిగి వస్తా

హైటెక్ సిటీలోని ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీకి కుర్చీల నుంచి కాఫీ మిషన్ల దాకా బేరమాడి కొనిపెట్టడం నా ఉద్యోగం. జనగామలో మా నాన్నది గిన్నెల దుకాణం కాబట్టి బేరం నాకు పుట్టుకతోనే వచ్చిందని ఆఫీసులో అనుకునేవారు. నిజం వేరు. బేరం తెగనప్పుడు "పెద్దసారును అడిగి వస్తా" అని బయటికెళ్లి నాన్నకు ఫోన్ చేసేదాన్ని. "తొందరపడకు బిడ్డా, ఇంకో మాట చెప్పుమను" అనేవాడు. లోపలికొచ్చి గంభీరంగా అదే అనేదాన్ని.

నాన్న పోయాక, పెద్దకర్మ ముగించుకుని ఆఫీసుకొచ్చిన రోజే కుర్చీలమ్మే యాదగిరి గారు వచ్చారు. పదేళ్లుగా నాతో వేగుతున్న పెద్దమనిషి. ఆరోజు ధర ఎంతకీ దిగలేదు. అలవాటుగా "పెద్దసారును అడిగి వస్తా" అని కారిడార్‌లోకి వెళ్లి నంబరు నొక్కాను. లోపల బల్లమీద నాన్న ఫోన్ మోగింది. బ్యాంకు మెసేజీల కోసం దాన్ని నేనే వెంట తెచ్చుకున్నాను.

యాదగిరి గారు ఆ ఫోన్ పట్టుకుని తలుపు దగ్గరికొచ్చారు. తెరమీద "బిడ్డ" అన్న పేరు, నా ఫొటో. నా ఫోన్ ఇంకా నా చెవి దగ్గరే ఉంది.

"మీ పెద్దసారు అంటే నాయననా మేడం?"

తలూపాను. పోయాడని చెబుతుంటే ఏడుపు ఆగలేదు.

"పదేండ్ల సంది నన్ను పరేషాన్ చేసింది ఆయననా!" అని ఆ ఫోన్ నా చేతిలో పెట్టారు. "ఇప్పుడుంటే ఏమనేటోడు బిడ్డా?"

"ఇంకో మాట చెప్పుమనేవాడు."

యాదగిరి గారు కళ్లు తుడుచుకుని ఇంకో మాట చెప్పారు. మారుమాట లేకుండా నేను ఒప్పుకున్న బేరం అదొక్కటే.

ఇప్పటికీ బేరం తెగకపోతే కారిడార్‌లోకి వెళ్తాను. ఫోన్ తీయను. కాసేపు నిలబడి లోపలికొచ్చి, పెద్దసారు ఒప్పుకోలేదని చెబుతాను.