బండల నడుమ మగ్గం గుంత

కిరాయి ఇంటికి నేల ఎంచడం సొంతింటికి ఎంచినట్టు కాదు. సొంతింట్లో మన కాలికి ఏది హాయిగా ఉంటుందో చూసుకుంటాం. కిరాయి ఇంట్లో ఎవరి మంచం ఈడుస్తారో, ఎవరి రోకలి పడుతుందో, ఎవరు నూనె ఒలకబోస్తారో తెలియదు. అన్నిటినీ ఓర్చుకునే నేల కావాలి, అదీ తక్కువ ఖర్చులో.

నారాయణపేట జిల్లా అయిన కొత్తలో ఆఫీసులు వచ్చాయి, వాటి వెంట ఉద్యోగులు వచ్చారు. కిరాయి ఇళ్లకు గిరాకీ పెరిగింది. అప్పటికి నేను రిటైరై, పేటలో పాత ఇల్లు ఒకటి కొని, పక్కనే చిన్న ఇంట్లో ఉంటున్నాను. ఆ పాత ఇంట్లో మూడు పోర్షన్లు. అన్నీ మన్ను నేలలే. చూడవచ్చిన ప్రతి ఉద్యోగీ గోడలు చూడడు, కప్పు చూడడు, నేల చూసి వెనక్కి తిరుగుతాడు.

నీటిపారుదల శాఖలో పనిచేసినవాణ్ణి. కొలవనిదీ పరీక్షించనిదీ నమ్మే అలవాటు లేదు. టైల్సు, సిమెంటు గచ్చు, రెగ్జిన్ చాప, షాబాదు బండ, ఒక్కో ముక్క తెచ్చి మా వాకిట్లో ఎండకు పరిచాను. వాటి మీద పసుపు నీళ్లు పోశాను, నూనె పోశాను, పచ్చడి రోకలి వదిలాను. ఏది ఎట్లా అయిందో రోజూ డైరీలో రాసుకున్నాను. మా ఆవిడ వరండాలో నిలబడి చూసేది.

"మీ చెల్లెకు సంబంధం చూసినప్పుడు గూడ ఇంత పరీక్ష పెట్టలె మీరు," అన్నది.

"అప్పుడు పెట్టాల్సి ఉండె," అన్నాను.

టైలు చూపుకు బాగుంది. కానీ రోకలి పడ్డచోట పెచ్చు లేచింది. రెండేళ్ల తర్వాత ఒక్కటి పగిలితే అదే రంగు మళ్లీ దొరకదు. రెగ్జిన్ చాప అంచులు ఎండకు లేచి ముడుచుకున్నాయి. గచ్చు నెర్రె విచ్చింది. షాబాదు బండ మాత్రం మరకను కొంత తాగింది గానీ, రుద్దితే వదిలింది. పైగా తాండూరు వైపు నుంచి వస్తుంది కనుక రవాణా ఖర్చు తక్కువ. ఒక బండ పగిలితే దాన్నే లేపి ఇంకోటి పెట్టవచ్చు. కిరాయి ఇంటికి ఇంతకు మించింది లేదని తేల్చుకున్నాను.

వెనక రెండు పోర్షన్లకూ బండలు వేయించాను. వెంటనే కిరాయిదారులు వచ్చారు.

ముందు పోర్షన్‌ను ముట్టుకోవాలని నాకు లేదు. అందులో ఒక నేతగాడు, ఆయన భార్య ఉండేవాళ్లు. ఇద్దరికీ అరవై దాటాయి. నేను ఇల్లు కొనేనాటికే ఉన్నారు. కిటికీ పక్కన నేలలో మగ్గం గుంత ఉండేది. ఆయన గుంత అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేసి తొక్కుడు చెక్కలు తొక్కుతూ నేసేవాడు. నూలు చీరెలు. సావుకారి నూలు ఇస్తే నేసి ఇవ్వడం, కూలి తెచ్చుకోవడం. ఆ గల్లీలో చేతిమగ్గం చప్పుడు వినిపించే ఇల్లు అదొక్కటే మిగిలింది.

బండలు వేయించమని అడిగింది ఆయన భార్యే. వారానికోసారి ఎర్రమన్ను, పెండ కలిపి ఆ అర్రంతా అలికేది. మోకాళ్లు అరిగిపోయాయి. ఒకరోజు అలుకుతూ కూర్చున్నచోటి నుంచి లేవలేకపోతే మా ఆవిడ పోయి చంకల్లో చేతులు వేసి లేపింది. ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చింది.

"సారూ, ఎన్కసీరి అర్రలకు ఏపిచ్చిన బండలు మాకు గూడ ఏపియ్యిండ్రి. కిరాయి జర పెంచినా సరే. తడిబట్ట పెట్టి తుడుస్తే అయిపోతది. గీ అలుకుడు ఇగ నాతోని అయితలేదు."

మర్నాడు మేస్త్రిని తీసుకుని వెళ్లాను. నేతగాడు మగ్గం దిగకుండానే అడిగాడు.

"మరి గుంత?"

"గుంతకేమైతది తాతా," అన్నాడు మేస్త్రి. "సుట్టు బండలు పెడ్త, లోపట గోడలకు సిమెంటు పూస్త. నీ గుంత బంగ్లా అయితది."

"బంగ్లల కూసొని నేసెటోన్ని పేటల నేనొక్కన్నే ఉంట అయితే," అని నవ్వాడాయన.

నేను మళ్లీ అడిగాను. "నీకు సమ్మతమేనా అన్నా? ఆమె అడిగిందని కాదు, నీ పని సంగతి చూసుకో."

ఆయన భార్య తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె కాళ్ల వైపు చూశాడు. "నేను నేసింది ఎంతనో, ఆమె అలికింది అంత. ఏపియ్యిండ్రి సారూ."

మగ్గం విప్పి వరండాలో పెట్టారు. కంకర వేసి, సిమెంటు పోసి, పైన బండలు పరిచారు. గుంత గోడలు నున్నగా పూశారు. మళ్లీ మగ్గం నిలబెట్టిన రోజు ఆమె కొబ్బరికాయ కొట్టి, బండలన్నీ తడిబట్టతో తుడిచి, "అద్దం తీరుగున్నది" అని మా ఆవిడకు చూపించింది. ఆ వానాకాలం, చలికాలం ఏ ఇబ్బందీ లేదు.

ఎండలు ముదిరాక మగ్గం చప్పుడు తెగడం మొదలైంది. ఎప్పుడూ ఒకే తీరుగా వినిపించేది, ఇప్పుడు కాసేపు ఆడి ఆగిపోయేది. పోగులు తెగుతున్నాయి. ఒకటి ముడివేసి కూర్చునేలోగా ఇంకోటి. ఆయన మొదట నూలు మంచిది కాదనుకున్నాడు. వేరే నూలు తెచ్చినా అదే పని. గంజి చిక్కగా పట్టించి చూశాడు. ఒకనాడు నన్ను పిలిచాడు.

"సారూ, గుంతల చెయ్యి పెట్టి సూడుండ్రి."

వంగి గోడను తాకాను. పొడిగా, వెచ్చగా ఉంది.

"మన్ను గుంత ఎండకాలం గూడ సల్లగ, చెమ్మగ ఉంటుండె," అన్నాడు. "గా చెమ్మకే పోగు మెత్తగుంటుండె గావచ్చు. మా నాయిన చెప్పలె, నేను అడగలె. బండల మీద ఎవ్వరన్న నేస్తే కద తెలిసేది."

ఎవరికీ తెలియదు. నేను వాకిట్లో పెట్టిన పరీక్షల్లో పసుపు ఉంది, నూనె ఉంది, రోకలి ఉంది. దారం లేదు.

తర్వాత చేయగలిగిందంతా చేశాం. తడిపిన గోనెసంచులు గుంత చుట్టూ పరిచాం. మధ్యాహ్నానికల్లా ఆరిపోయేవి. మేస్త్రి వచ్చి గుంత గోడల సిమెంటు చెక్కేశాడు. లోపలి మన్ను గట్టిగా రాయిలా ఉంది. కుండలతో నీళ్లు పోస్తే అడుగున బురద అయింది గానీ అర్రలో వేడి తగ్గలేదు. బండలన్నీ లేపేద్దామంటే మేస్త్రి తలకాయ అడ్డంగా ఊపాడు.

"కింద కంకర పోసి గట్టిగ దిమ్మిస కొట్టినం సారూ. అదంత తీసి మళ్ల మన్ను నింపితే, గా మన్ను కుదురుకునేందుకు ఎన్నేండ్లు పడ్తదో. గోడలు గూడ కదులుతయి."

అయినా తీయిద్దామనే అన్నాను. నేతగాడే వద్దన్నాడు. "మన్నయితే మళ్ల అలకాలె. ఎవరు అలుకుతరు?"

ఒక పొద్దున నేను వెళ్లేసరికి ఆయన భార్య మోకాళ్ల మీద కూర్చుని, పెండ, ఎర్రమన్ను కలిపి బండల మీదే అలుకుతున్నది. ఆయన మగ్గం పక్కన నిలబడి ఉన్నాడు.

"బండకు పెండ పడ్తదానే, పిచ్చిదానా," అన్నాడు.

"పడ్తదేమో సూస్తున్న. నీకేం పోయింది?"

"లే. మోకాళ్లు పోతయి."

"మోకాళ్ల కోసమనే కద గింత జేసిన. ఇంకేం పోతయి?"

మధ్యాహ్నానికి ఆ అలుకు ఎండి, పెచ్చులు పెచ్చులుగా లేచింది. ఫ్యాను గాలికి ఆ పెచ్చులు అర్రంతా తిరుగుతుంటే ఆమే చీపురు పట్టి ఊడ్చింది. మా ఆవిడ ఊడుస్తానంటే ఇవ్వలేదు.

సావుకారి వచ్చి నేసిన చీరె విప్పి అరచేత్తో నిమిరాడు. "గిది చీరెనా, ముడుల మాలనా పెద్దమనిషీ?" అన్నాడు. అయినా తీసుకున్నాడు. ఇంకో చీరె కూడా తీసుకున్నాడు. తర్వాత నూలు పంపలేదు.

వానలు పడ్డాయి. గుంతలో చెమ్మ వచ్చింది. నూలు రాలేదు. అడగడానికి వెళితే, ఆ పని వేరేవాళ్లకు ఇచ్చేశానని, మరమగ్గం మీద త్వరగా అవుతున్నదని సావుకారి చెప్పాడట. "చాయ తాగి పొమ్మన్నడు సారూ. మర్యాదకేం తక్కువ లేదు," అన్నాడు నేతగాడు.

మగ్గం కొన్నాళ్లు ఖాళీగా నిలబడి ఉంది. తర్వాత విప్పి, కట్టెలు వరండాలో పేర్చారు. మగ్గం లేకపోయేసరికి గుంత నోరు తెరుచుకుని ఉండేది. చీకట్లో ఆమె కాలు జారి అందులో పడబోయింది. ఆ మర్నాడు ఆయనే వచ్చాడు.

"పూడ్పియ్యిండ్రి సారూ. ఆమె పడ్తె ఇగ లేవది."

మన్ను నింపి, గట్టిగా కొట్టించి, పైన ఒక బండ వేయించాను. ఆయన కిటికీ దగ్గర నిలబడి చివరిదాకా చూశాడు. పని అయ్యాక ఆయన భార్య వచ్చి, మేస్త్రికి చేతులు కడుక్కోవడానికి నీళ్లు పోసింది.

నెల తిరగకముందే ఇల్లు ఖాళీ చేస్తామన్నారు. కిరాయి వద్దు, ఉండండి అన్నాను.

"మగ్గం లేనోనికి గింత అర్ర ఎందుకు సారూ? బస్టాండ్ కాడ చీరెల దుకాన్ల మడతలు పెట్టె పని దొరికింది. ఆడ్నే ఎన్క అర్ర ఇస్తమన్నరు. టైల్స్ ఉన్నయట. ఈమెకు తుడుసుడు సులువైతది."

మగ్గం కట్టెలు తీసుకుపోలేదు. ఏం చేయమంటావు అని అడిగితే, "పొయ్యిల పెట్టుకోండ్రి. మంచి కట్టె," అన్నాడు. అవి ఇంకా వరండాలోనే ఉన్నాయి, చెదపురుగు పట్టింది.

వాళ్లు వెళ్లిన వారంలోనే వ్యవసాయ శాఖ ఉద్యోగి ఒకతను వచ్చాడు. నేల బాగుందన్నాడు. అర్రంతా నడిచి, కిటికీ దగ్గర ఆగాడు.

"ఈ ఒక్క బండ కొత్తగున్నదేంది సార్?"

"అక్కడ గుంత ఉండె. పూడ్చినం."

అతను మడమతో దాని మీద రెండుసార్లు కొట్టి చూశాడు. "మంచం ఇక్కడే ఏస్త. కుంగదు కద?"

"కుంగదు," అన్నాను.