కనకరత్నం పిన్నమ్మ తనకోసం చేసుకున్న విచారణ

మధ్యాహ్నం రెండు దాటింది. రోహిణీ కార్తె ఎండ. తెనాలిలో మా వీధి తారు కాళ్లకి అంటుకుంటోంది. పొద్దున మిల్లు దగ్గర తిన్న ఇడ్లీలు ఎప్పుడో అరిగిపోయినయ్. ముఠా పనంటే అంతే, లారీలో బస్తాలు ఖాళీ అయ్యేదాకా కూడు లేదు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నా. మా ఆవిడ లక్ష్మీదుర్గ కంచంలో అన్నం పెట్టి గోంగూర వేస్తోంది. గోడ అవతల నుంచి కేక.

"ఒరేయ్ యలమందా, తిన్నావా?"

"ఇప్పుడే కూర్చున్నా పిన్నమ్మా."

"తిను, తిను. రేపు మనం బాపట్ల వెళ్లాలి."

"బాపట్లలో ఏముంది?"

"నేను చచ్చిపోవాల్సిన ఇల్లు ఉందంట. చూసొద్దాం."

లక్ష్మీదుర్గ చేతిలో గరిటె ఆగిపోయింది. నేను మాత్రం ముద్ద నోట్లో పెట్టుకున్నా. ఆకలి అట్టాంటిది.

కనకరత్నం పిన్నమ్మ మా ఇంటి ఓనరు. ముందు రెండు గదులు ఆమెవి, పెరటి వైపు వాటా మాది. భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. పిన్నమ్మ అని పిలవడమే గానీ మాకూ ఆమెకీ చుట్టరికం లేదు. వాళ్లు పొలాలున్న కుటుంబాల వాళ్లు. ఆ పొలాలు ఆమె దాకా రాలేదు, అది వేరే సంగతి.

తెనాలి చుట్టుపక్కల ఆమెని ఎరగని పెళ్లి ఇల్లు లేదు. ఆమె సంబంధాలు కుదర్చదు. విచారణకి వెళ్తుంది. పిల్లనిచ్చే ముందు అవతలోళ్లు ఎట్టాంటోళ్లో తెలియాలి కదా, ఫోటోలో తెలియదు, ఉద్యోగంలో తెలియదు. అందుకని మా వైపు గుట్టుగా ఒక మనిషిని పంపుతారు. మంచి కబురు తెచ్చినా చెడ్డ కబురు తెచ్చినా ఆమెకి ఒక చీర పెట్టేవాళ్లు.

ఏ ఇంటికీ ముందు గుమ్మంలోంచి వెళ్లేది కాదు. ముందు కిరాణా కొట్టు, తర్వాత ఇస్త్రీ బండి, తర్వాత పాలు పోసే మనిషి. ఆఖరికి పెరటి గుమ్మం దగ్గర నిలబడి, కాసిని మంచినీళ్లు ఇవ్వమ్మా అనేది. "ముందు గదిలో సోఫా చూసి ఏం తెలుసుకోవాలిరా? నేనేమన్నా సోఫాకి పిల్లనిస్తున్నానా?" అనేది.

ఒకసారి చేబ్రోలులో మంచి సంబంధం. పొలం, మేడ, కారు. ఈమె చింతపండు అమ్మేదాన్లాగా బుట్ట పెట్టుకుని వాళ్ల పెరట్లో కూర్చుంది. ఆ ఇంటి పెద్దకోడలు జ్వరంతో అంట్లు తోముతోంది. అత్తయ్యా, ఒక బిళ్ల ఇవ్వండి అంది. ముందు ఆ పని కానీ, ఇస్తా అంది అత్తగారు. అంతే, ఈమె బుట్ట ఎత్తుకుని వచ్చేసింది. పెళ్లి ఆగిపోయింది. పెళ్లికొడుకు వాళ్లు కారేసుకుని మా వీధికొచ్చి గేటు ముందు ఒకటే తిట్లు. ఈమె లోపల్నించి కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది.

"అరవండి బాబూ, అరవండి. దాహమేస్తే మజ్జిగ ఉంది" అంది.

వాళ్లలో ఒకడు నిజంగానే మజ్జిగ తాగి వెళ్లాడు.

అట్టాంటి మనిషికి కడుపులో గడ్డ అన్నారు. గుంటూరులో ఆపరేషన్ చేశారు, కీమో ఎక్కించారు, జుట్టు పోయింది. వేసవి మొదలయ్యేసరికి డాక్టరు, ఇంక చేసేదేమీ లేదు, నొప్పి లేకుండా చూసుకోండి అన్నాడు. నొప్పి లేకుండా ఎట్టా చూసుకోవాలో చెప్పలేదు. నొప్పి వచ్చినప్పుడు ఆమె మంచం పట్టె పట్టుకుని పళ్లు బిగించేది. మేమే చూసుకుంటాం పిన్నమ్మా అన్నాం.

"మీరిద్దరూ పనికి పోతే నన్ను పక్కకి తిప్పేదెవర్రా, గోడా?" అంది.

ఆమె అన్న కొడుకు నాగమల్లేశ్వరరావుకి తెనాలిలో ఎరువుల కొట్టుంది. ఆ కొట్లో దింపుడు పని మా ముఠాదే. ఆయనొచ్చి బాపట్ల హోమ్ సంగతి చెప్పాడు. నయం కాని జబ్బు వచ్చిన వాళ్లని ఆఖరి రోజుల్లో పెట్టుకుని చూసే చోటంట. ఏసీ ఉందంట. కమిటీలో మనవాళ్లేనంట. చందా ఇచ్చారని గేటు పక్కన రాయి మీద వీళ్ల పేరు కూడా చెక్కారంట.

"నేను మాట్లాడేశా అత్తా."

"నన్నడిగావా?"

"అడిగేదేముంది? మంచి చోటు."

"నీ పెళ్లికి విచారణ చేసింది నేనేరా. అప్పుడు మీ నాన్నతో అడిగేదేముంది అన్నావా? రెండుసార్లు పంపించావు నన్ను. నా చావుకి ఒక్కసారన్నా వెళ్లి చూసుకోవద్దా?"

ఆయన నవ్వాడు. ఏదో ముసలామె చాదస్తం అనుకున్నాడు. మా వీధిలో కూడా అట్టాగే అనుకున్నారు. చావబోయే మనిషి ఊళ్లు తిరగడమేంటి, ఆ యలమందగాడికి బుద్ధి లేదా అన్నారు. ఇప్పటికీ అంటున్నారు. అననివ్వండి. ఆమెని రైలెక్కించింది నేనే.

పొద్దున పాసింజరుకి బాపట్లలో దిగాం. నా భుజం పట్టుకుని నడిచింది. హోమ్ గేటు పెద్దది, లోపల పూలకుండీలు. నేను గేటు వైపు తిరిగితే చెయ్యి పట్టి లాగింది.

"ముందు టిఫిను."

ఎదురుగా టిఫిన్ బండి ఉంది. ఆమె ఏం తింటుంది, నాకే ఇడ్లీ పెట్టించింది. తను బల్ల మీద కూర్చుని ఆ బండాయన్ని పలకరించింది.

"బాబూ, ఈ హోమ్ మేనేజరుగారు ఎట్టాంటోళ్లు? ఇంట్లో మనుషులు మంచోళ్లేనా?"

ఆయన అట్లు తిప్పడం ఆపి ఆమెని చూశాడు, ఉతికిన చొక్కా వేసుకున్న నన్ను చూశాడు. మొహం వెలిగిపోయింది.

"అమ్మాయి తరఫు వాళ్లా?"

మేనేజరుకి పెళ్లి కావాల్సిన కొడుకున్నాడని అప్పుడర్థమయింది. పిన్నమ్మ నా మోచెయ్యి గిల్లింది.

"అవును బాబూ. వీడి కూతురే. డిగ్రీ చదివింది."

నాకిద్దరూ మగపిల్లలే. ఇడ్లీ గొంతులో అడ్డం పడింది. దగ్గొస్తే మంచినీళ్లిచ్చి, పాపం పిల్ల తండ్రి కంగారు పడుతున్నాడు అన్నాడు బండాయన.

"ఏం భయపడొద్దండి. కుర్రాడు బంగారం. సిగరెట్ కూడా లేదు. ఇంక మేనేజరుగారి సంగతి చెప్పాలంటే, తల్లంటే ప్రాణమండి ఆయనకి. ఆమెకి పోయినేడు కాన్సరొచ్చింది. ఈ హోమ్‌లో పెట్టలేదు. గుంటూరులో వేరే చోటుకి తీసుకెళ్లి, పోయేదాకా పక్కనే ఉన్నాడు."

"అట్టాగా! ఇక్కడెందుకు పెట్టలేదు బాబూ? ఏసీ ఉందంటగా?"

"భలేవారే! కన్నతల్లిని ఇక్కడెట్టా పెడతాడండి!"

పిన్నమ్మ లేచి చీర సర్దుకుంది. స్టేషనుకేనా అన్నా.

"విన్న మాట మీదే ఇల్లు చెడగొట్టనురా. చూడాలి."

లోపల నేల అద్దంలా ఉంది. చప్పుడు లేదు. మంచాలన్నీ ఒకే వరస, దుప్పట్లన్నీ ఒకే రంగు. మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు, అబద్ధం చెప్పకూడదు. ఎవరికోసమమ్మా అన్నాడు. మా చెల్లెలికి అంది.

"నొప్పొస్తే ఏం చేస్తారు బాబూ?"

"ప్రశాంతంగా ఉంచుతామండి. భక్తి పాటలు పెడతాం."

"మందు?"

"మామూలు బిళ్లలిస్తాం. గట్టి నొప్పి మందుకి పర్మిషన్ తెచ్చుకోవాలండి. దాని లెక్కలు, తనిఖీలు, అదంతా పెద్ద తలనొప్పి."

"ఎవరికి తలనొప్పి బాబూ?"

ఆయన వాచీ చూసుకున్నాడు. ఈమె ఆ లోపలే చివరి మంచం దగ్గరికి వెళ్లింది. అక్కడొక పెద్దామె గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పిలిచే బెల్లు గోడకి పైన ఉంది, మంచంలో ఉన్న మనిషి చెయ్యి అక్కడిదాకా వెళ్లదు.

"ఏమన్నా కావాలా అక్కయ్యా?" అంది పిన్నమ్మ.

ఆమె మెల్లిగా తల తిప్పింది. "అడగొచ్చా అమ్మా?" అంది.

తిరుగు రైల్లో పిన్నమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. చీరాల నుంచి వస్తున్న వాళ్లెవరో జీడిపప్పు పెడితే కూడా తీసుకోలేదు. పొన్నూరు దాటాక, "అడగొచ్చా అందిరా" అని ఒక్క మాట అంది.

రేపల్లెలో ఇంకోటి ఉందని గుంటూరు ఆస్పత్రిలో నర్సులు చెప్పుకుంటుంటే విన్నదంట. నాలుగు రోజులు పోయాక అక్కడికి వెళ్లాం. ఈసారి రైల్లో కూర్చోలేక బల్ల మీద పడుకుంది. నేను కండువాతో విసురుతూ కూర్చున్నా.

అది పాత పెంకుటిల్లు. పక్కనే కిరాణా కొట్టు, కొట్లో ఒకావిడ. పిన్నమ్మ ఒక సబ్బు కొని కదిలించింది. ఆవిడ అడక్క ముందే మొదలెట్టింది.

"ఇల్లా అది? సంత! ఒక ముసలాయన అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తాడు, నా కొట్లోకే పొగ. ఎవరో చేపల పులుసు అడిగారని, ఆ నర్సు సునీల పొయ్యి మీద పెట్టి చింతపండు కోసం పరిగెత్తుకొస్తది. పొద్దుపోయాక కూడా తలుపు కొడతది. మొన్న ఒకామె పోతే పనిమనుషులు కూడా ఏడుపే. సొంతోళ్లా ఏమన్నానా? నాకా రోజు బేరమే లేదు."

"అయ్యో, ఎంత కష్టమొచ్చిందమ్మా నీకు" అంది పిన్నమ్మ. సబ్బు సంచిలో వేసుకుని, తిన్నగా పెరటి గుమ్మానికి నడిచింది.

సునీల దుప్పట్లు ఆరేస్తోంది. నలభై ఏళ్లుంటాయేమో. "ఇటునుంచి వచ్చారేంటి పిన్నిగారూ?" అంది.

"నాకదే అలవాటమ్మా."

"ఎవరికోసం?"

చెల్లెలు అంటుందనుకున్నా. "నాకే" అంది.

సునీల ఆ తడి దుప్పటి తీగ మీదే వదిలేసి దగ్గరికొచ్చింది. "ఇప్పుడు నొప్పుందా?" అని అడిగింది.

ఉంది. రైలెక్కిన దగ్గర్నించీ ఉంది. నాతో కూడా చెప్పలేదు. గుంటూరు కాగితాలు చూసి, డాక్టరుకి ఫోను చేసి కనుక్కుని, సునీల ఏదో మందు కొంచెం తాగించింది. కాసేపటికి పిన్నమ్మ నులక మంచం మీద నిద్రపోయింది. పళ్లు బిగించకుండా ఆమె నిద్రపోవడం చూసి ఎన్నాళ్లయిందో. నేను అరుగు మీద కూర్చుంటే ఆ చుట్ట ముసలాయన, "మీ అమ్మా?" అన్నాడు. అవునన్నా.

లేచీ లేవగానే గదీ వంటిల్లూ చూసొచ్చి మళ్లీ విచారణ.

"ఈ మందు ఎప్పుడన్నా అయిపోయిందా?"

"అయిపోయిందండి" అంది సునీల. "పోయిన వానల్లో గుంటూరు నుంచి రాలేదు. ఇద్దరు అల్లాడిపోయారు. వాళ్ల దగ్గర కూర్చోవడం తప్ప ఏం చెయ్యలేకపోయా. ఇప్పుడు అయిపోకముందే తెప్పిస్తున్నా."

"దోమలున్నయ్."

"ఉన్నాయండి."

"పప్పు నీళ్లలాగుంది."

"మనుషులు పెరిగారు పిన్నిగారూ, పోశా నీళ్లు."

"మంచాలు మరీ దగ్గర దగ్గరగా ఉన్నయ్."

"దూరం వేస్తే ఇద్దరిని రావద్దనాలి."

పిన్నమ్మ ఎన్ని ఇళ్లకి వెళ్లిందో, ఎవరూ ఇట్టా చెప్పి ఉండరు. సంచిలో సబ్బు తీసి ఆమె చేతిలో పెట్టింది. "నేనిక్కడికే వస్తా" అంది.

ఆ సంగతి తెలిసి నాగమల్లేశ్వరరావు సాయంత్రం ఇంటిమీదకొచ్చాడు.

"రేపల్లె మాటెత్తకు అత్తా. అక్కడ ఎవరెవరో ఉంటారు. మేనత్తని ఎక్కడో పడేశాడని నన్ను నలుగురూ అనుకోరా?"

"ఆ నలుగురినీ తీసుకురా. నాకు నొప్పొచ్చినప్పుడు పక్కన కూర్చోమను."

"గురువారం మంచిది. ఎనిమిదింటికి కారు తెస్తా. బాపట్లే. అంతే." నా వైపు తిరిగాడు. "అంతా నీ వల్లేరా యలమందా. రైళ్లెక్కించి తిప్పుతున్నావు. మా కొట్లో పని చెయ్యాలని లేదా నీకు? మీ ముఠానే మార్పించేస్తా."

నా వెనకాల పదిమంది కూలోళ్ల తిండి ఉంది. అయినా నోరు ఆగలేదు.

"ఆమె అడిగింది, తీసుకెళ్లానండి. మళ్లీ అడిగితే మళ్లీ తీసుకెళ్తా."

పిన్నమ్మ అంటుందనుకున్నా ఏదో ఒకటి. ఆమెకి తెలిసిన తిట్లు మామూలువి కావు. ఒక్క మాట అనలేదు. నన్ను చూసింది, ఆయన్ని చూసింది, గోడ పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఒప్పుకుందనుకుని ఆయన వెళ్లిపోయాడు. ఒప్పుకుందేమోనని నాకూ భయమేసింది.

గురువారం నేను నిద్రలేచేసరికి ముందు గది తలుపుకి తాళం ఉంది. తాళంచెవి మా కిటికీలో పెట్టి ఉంది. లక్ష్మీదుర్గకీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. గోడ అవతల నుంచి కేకేస్తే వినపడేంత దగ్గర, అయినా పిలవలేదు. కాసేపు కోపమొచ్చింది. తర్వాత కారు చప్పుడు విన్నాక గానీ నాకు తెలియలేదు ఎందుకు పిలవలేదో.

"ఎక్కడరా?" అన్నాడు నాగమల్లేశ్వరరావు తాళం చూసి.

"నాకు చెప్పలేదండి."

"అబద్ధం!"

"పిల్లల మీద ఒట్టండి. చెప్పుంటే సంచి మోసేవాణ్ణి."

అప్పుడే ఆటో జమలయ్య వీధిలోకొచ్చాడు. పొద్దున్నే పిన్నమ్మని స్టేషనులో దింపింది తనేనంట. రేపల్లె టిక్కెట్టు ఆమే తీసుకుందంట. చెయ్యి పట్టుకోబోతే వద్దందంట.

"ఒక్కతే ఎట్టా వెళ్లింది?" అని అరిచాడు నాగమల్లేశ్వరరావు. "నాలుగడుగులు వెయ్యలేదు కదా ఆమె!"

లక్ష్మీదుర్గ గుమ్మంలో నిలబడి ఆయన మొహంలోకి చూసింది.

"వేసిందిగా" అంది.