మూడో అంతస్తులో పాలవేళ

దిల్‌సుఖ్‌నగర్‌లో నా చేపల షాపు షటర్ సగం లేచేసరికి జేబులో ఫోన్ మోగిందంటే అది కృష్ణమ్మక్కే. పలకరింపులేమీ ఉండవు. "తమ్మీ, ఇప్పుడేం పెట్టాలె?" అని మొదలుపెడుతుంది. పదిన్నరకి ఒకసారి, నేను అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఒకసారి, సాయంత్రం కోచింగ్ సెంటర్లు వదిలి గల్లీ అంతా జనమైపోయినప్పుడు ఇంకోసారి. ఇరవై ఏళ్ళుగా చేపలు అమ్ముతున్నాను. నా దగ్గర కొన్న చేపల్లో ఆకలికి చచ్చినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మిగిలినవన్నీ మేత ఎక్కువై పోయినవే. అందుకే మేత గురించి ఎవరైనా రెండోసారి అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది.

కృష్ణమ్మకి అరవై రెండేళ్ళు. ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటాక ఆమె కొడుకు ధనరాజ్ కట్టిన ఐదంతస్తుల బిల్డింగ్ ఉంది కదా, ఒకప్పుడు అక్కడ వాళ్ళ బర్రెల కొట్టం ఉండేది. పన్నెండు బర్రెలు. సైదాబాద్ దాకా పాలు పోసేవాళ్ళు. బిల్డింగ్ లేచింది, బర్రెలు పోయాయి, ఆమె మూడో అంతస్తుకి చేరింది. వంట కోడలు సుష్మిత చూసుకుంటుంది. ఈమె చేతులకి పని లేదు. ఒక చోట ఐదు నిమిషాలు కూర్చోదు. కిటికీ దగ్గరికి వెళ్తుంది, బాల్కనీలోకి వెళ్తుంది, మళ్ళీ లోపలికి వస్తుంది. ఇప్పటికీ పాలు పిండే వేళకే, నాలుగింటికే, మెలకువ వస్తుంది. లేచి ఏం చెయ్యాలో తోచక తుడిచిన పొయ్యినే మళ్ళీ తుడుస్తుంది.

హాలు అందంగా ఉంటుందని సుష్మిత నా దగ్గర రెండు డిస్కస్ చేపలు కొనుక్కెళ్ళింది. సిక్లిడ్ జాతి చేపల్లో అవి మహా సుకుమారం. పళ్ళెంలా గుండ్రంగా, బల్లపరుపుగా ఉంటాయి. నీళ్ళు కాస్త చల్లబడినా అలుగుతాయి. పెద్ద చేపలకి పూటకి చిటికెడు గింజల మేత, రెండు పూటలు, వారానికి ఒక రోజు ఏమీ వెయ్యకూడదు అని చెప్పి పంపాను. నెల తిరక్కుండా ఆ తొట్టి కృష్ణమ్మ చేతికి వచ్చింది. చిటికెడు గుప్పెడైంది. నీళ్ళు మజ్జిగలా తెల్లబడ్డాక నన్ను పిలిచారు. వారానికొక రోజు ఉపవాసం అని చెప్తే మాత్రం వెంటనే ఒప్పుకుంది.

"నాకు శనివారం ఒక్కపొద్దు. వాటికి గూడ గదే దినం ఉపాసం పెడ్తా."

మూడేళ్ళలో ఆమె నా మాట విన్నది అదొక్కటే.

మొన్న మాఘంలో ఆ రెండూ జత కట్టాయి. తొట్టిలో బోర్లించిన మట్టి ముంత మీద ఆడది గుడ్లు పెట్టింది. తెల్లారేసరికి రెండూ కలిసి గుడ్లు తినేశాయి. పది రోజులకి మళ్ళీ పెట్టి మళ్ళీ తినేశాయి. తినవా మరి, ఈమె గంటకోసారి లైటు వేసి అద్దానికి మొహం ఆనించి చూస్తుంటే? బెదిరిన సిక్లిడ్ తన గుడ్లు తనే మింగుతుంది. మూడోసారి గుడ్లు పెట్టాయని ఫోన్ చేసినప్పుడు ఆమె గొంతు సన్నబడింది.

"ఈసారి గూడ పోతే నాతోని కాదు తమ్మీ. వాపస్ తీస్కపో."

"తొట్టికి దుప్పటి కప్పి అటు వెళ్ళకండి అక్కా. గుడ్డులో ఉన్నప్పుడు ఏమీ వెయ్యక్కర్లేదు. పిల్లలు బయటికొచ్చాక కూడా మూడు రోజులు ఏమీ వద్దు. పొట్టకింద సొన ఉంటుంది, అదే వాటికి తిండి. ఈదడం మొదలుపెడితే తల్లి ఒంటికి పట్టుకుంటాయి. డిస్కస్ తల్లికి ఒళ్ళంతా జిగురు ఊరుతుంది, పిల్లలకి అదే పాలు. అవి ఈదిన ఐదో రోజు నేనొచ్చి మొదటి మేత వేస్తాను. అప్పటిదాకా మీరేం చెయ్యకండి."

"ఏం జెయ్యకుంట ఎట్లుండాలె?" అంది. అంత కష్టమైన పని ఆమెకి జీవితంలో ఎవరూ చెప్పి ఉండరు.

పాపం, ఉంది. నూటయాభై దాకా పిల్లలు లేచాయి. తల్లి ఒంటిమీద చీమల్లా పట్టుకున్నాయట. తల్లి అలిసిపోతే ఒళ్ళు ఒక్కసారి విదిలిస్తుంది, పక్కనే ఉన్న తండ్రి ఒంటిమీదికి అన్నీ మారిపోతాయి. అది చూసి ఫోన్‌లో ఎంత నవ్విందో. "మొగుడు గూడ పాలిస్తుండు తమ్మీ. మా ఇంట్ల గిసుంటోడు ఒక్కడు పుట్టలే."

పిల్లలు ఈదిన నాలుగో రోజు ఫోన్ రాలేదు. షటర్ లేచింది, పదిన్నర దాటింది, అన్నం తిన్నాను, ఫోన్ లేదు. మోగితే విసుక్కునేవాణ్ణి, మోగకపోతే కాళ్ళు నిలవలేదు. మర్నాటికి పొదిగించి పెట్టుకున్న రొయ్యపిల్లల సీసా తీసుకుని స్కూటర్ ఎక్కాను. కంటికి కనపడీ కనపడని ఆ రొయ్యపిల్లలే డిస్కస్ పిల్లలకి తల్లి తర్వాత మొదటి తిండి. మెట్రో స్తంభాల కింద కొత్తపేట దాటడానికే అరగంట పట్టింది. ప్రతి సిగ్నల్ దగ్గరా ఆమెని మనసులో తిడుతూనే ఉన్నాను.

కృష్ణమ్మ తలుపు తీసి తొట్టి వైపు చెయ్యి చూపించింది. తొట్టి మధ్యలో కిటికీకి కొట్టే దోమల జాలీ నిలబెట్టి ఉంది. అటు తల్లీ తండ్రీ, ఇటు పిల్లలు. పిల్లలన్నీ జాలీకి అతుక్కుని ఉన్నాయి. అడుగున బూడిద చల్లినట్టు చచ్చినవి. సగానికి సగం పోయాయి.

"ఎవరు పెట్టమన్నారు ఇది?" అన్నాను. గొంతు లేచింది, దాచను.

"తల్లి ఒళ్ళంత చీరుకపోయింది తమ్మీ. తోక దగ్గర తెల్లగ పొరలు లేసినయ్. సూడబుద్ధి గాలే. నిన్న పొద్దుగూకినంక కట్టేసిన. పొద్దున పాలేళకు జాలీ తీసి, కొంచెం సేపు తాగనిచ్చి, మళ్ళ గ్లాసుతోని ఇవుతలికి దెచ్చిన."

"దూడలా అక్కా ఇవి, వేళకి విప్పి వేళకి కట్టెయ్యడానికి? వీటికి పూటలుండవు. గంటల తరబడి తల్లి దొరక్కపోతే అంతే. ఆ ఒళ్ళు దానికే మానుతుంది. మీరు ఒక్క ఫోన్ చెయ్యాల్సింది."

ఇంకా ఏదేదో అన్నాను. ఆమె నేల మీద కూర్చుని అద్దంలోకి చూస్తూ మెల్లగా అంది:

"దూడలను గిట్లనే కట్టేస్తుంటిమి. పెయ్యదూడకు ఒక సన్ను ఇడుస్తుంటిమి, రేపు పాలిచ్చేది గద. మొగదూడకు నోరు తడిపి గుంజుతుంటిమి. వారం పది దినాలల్ల పోయేది. పోతే బర్రె పాలు సేపదని, దాని తోలుల గడ్డి కుక్కి తల్లి ముందర నిలవెడ్తుంటిమి. తల్లి దాన్ని నాకుకుంట పాలిచ్చేది. నేనే పిండుతుంటి. నా చేతికి గా కట్టేసుడే వచ్చు తమ్మీ."

అంతసేపూ అరిచినందుకు సిగ్గేసింది.

జాలీ ఆమే తీసింది. మోచేతుల నుంచి నీళ్ళు నేల మీద ఒలికాయి. మిగిలిన పిల్లలు తల్లి వైపు ఈదాయి. తల్లి పక్కకి తప్పుకుంది. మళ్ళీ వెళ్ళాయి, మళ్ళీ తప్పుకుంది. ఒకసారి వేరుచేసిన పిల్లల్ని చాలా సిక్లిడ్లు దగ్గరికి రానివ్వవు, మేతనుకుని మింగినా మింగుతాయి. అది ఆమెకి చెప్పలేదు. ఆమె బాల్కనీలోకి వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. పావుగంటకి తండ్రి చేప మెల్లగా పిల్లల మధ్యకి వచ్చి కదలకుండా నిలబడింది. ఒకటి పట్టుకుంది, తర్వాత పది, తర్వాత అన్నీ. ఇంకాసేపటికి తల్లి వచ్చి దాని పక్కన ఆగింది.

"ఇప్పుడేం పెట్టాలె?" అంది కృష్ణమ్మ, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

మొదటిసారి ఆ ప్రశ్నకి నాకు కోపం రాలేదు. "పాలిచ్చేవాటికి పెట్టండి అక్కా. వాటికి ఇప్పుడు రెండు పూటలు చాలవు, నాలుగు పూటలు వెయ్యండి. శనివారం ఒక్కపొద్దు కూడా వద్దు."

ఆ సాయంత్రం నుంచి ఫోన్లు మళ్ళీ మొదలయ్యాయి. పిల్లలు రొయ్యపిల్లలకి అలవాటుపడ్డాయి, అవి తిని పొట్టలు నారింజ రంగుకి తిరిగాయి. నెల నిండాక వేరే తొట్టిలోకి మార్చమన్నాను. ఆ వయసులో రోజుకి ఆరుసార్లు, కొంచెం కొంచెం మేత. నిజానికి అది కృష్ణమ్మ కోసమే పెట్టినట్టుండే వయసు. డెబ్భై పిల్లలకి రోజుకి ఆరుసార్లు వేస్తూ ఆమె స్థిమితపడిందని అనుకున్నాను.

మొన్న చూడ్డానికి వెళ్తే పాత తొట్టిలో తల్లి ఒంటికి ఇంకా ఒక పిల్ల వేలాడుతోంది. సైజు మిగిలినవాటిలో సగం కూడా లేదు.

"ఇదెందుకు ఉంచారక్కా? తల్లిని పీక్కుతింటుంది. పిల్లల తొట్టిలో వెయ్యండి."

"గది మొగది తమ్మీ," అంది నా వైపు చూడకుండానే. "కడుపునిండ తాగనియ్."

ఆ వయసు డిస్కస్ పిల్లల్లో ఏది మగదో ఏది ఆడదో ఇరవై ఏళ్ళ అనుభవంతో నాకే తెలియదు.

"అవునక్కా," అన్నాను. "మగదే."