పసుపు కింద లైసెన్సు

ఆ పిల్ల మా ఆఫీసులో చేరిన రోజు నుంచే నాకు కడుపు మంట. దాచుకుని ఏం లాభం? మార్కాపురంలో పలకరాళ్లు ఎగుమతి చేసే ఆఫీసు మాది. కంప్యూటర్ ఏది మొరాయించినా ఇన్నేళ్లూ "అక్కను పిలవండి" అనేవాళ్లు. ఆ అక్క నేనే. ఇప్పుడీ కొమరోలు పిల్ల వచ్చింది, హైదరాబాదులో కంప్యూటర్ కోర్సు చేసిందట. వారం తిరక్కముందే "పాపను పిలవండి" మొదలయింది.

అప్పుడే గిద్దలూరులో కొత్త బ్రాంచి తెరుస్తున్నారని తెలిసింది. మా ఇల్లు గిద్దలూరే. తెల్లారకముందే లేచి రైలు పట్టుకుని, కంభం దాటేదాకా నిలబడి వచ్చే బతుకు నాది. ఆ బ్రాంచి నాకే రావాలని కనబడ్డ దేవుడికల్లా మొక్కాను. కొమరోలు నుంచి గిద్దలూరు దగ్గర కాబట్టి ఆ పిల్లకూ దాని మీదే కన్ను.

ఇంతలో మా రాళ్లు కొనే విదేశీ కంపెనీ ఒక మెలిక పెట్టింది. ఆఫీసులో ప్రతి కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఉందో, దానికి లైసెన్సు ఉందో లేదో ఆధారాలతో చూపించాలట. ఓనరు ఆ పని ఆ పిల్లకు అప్పజెప్పి, నన్ను పక్కన ఉండి సాయం చేయమన్నాడు. నన్ను! సాయం!

"ఇదేంది అక్కా, ఫొటోలు దిద్దేది? దొంగ కాపీ ఇది. తీసేస్తుండా. తెలుగు టైపింగుదీ అంతే."

అవన్నీ నా చేత్తో పెన్‌డ్రైవ్ పెట్టి ఎక్కించినవి. వాటితోనే ఇన్నాళ్లూ ఆఫీసు నడిచింది. దొంగ కాపీ అట! నాకు ఒళ్లు మండిపోయింది.

మరుసటి రోజు పాత కంప్యూటర్ల సీపీయూ పెట్టెలన్నీ అటూ ఇటూ తిప్పి చూసి, "వీటికి లైసెన్సు స్టిక్కర్లే లేవక్కా. లేవనే రాసేస్తా" అంది.

దొరికింది! మా దగ్గర ఆయుధపూజకు రాళ్లు కోసే మిషన్లతో పాటు కంప్యూటర్ పెట్టెలకూ పసుపు పూసి బొట్లు పెడతాం. పూజ చేసిన పసుపు తుడవకూడదని ఓనరు వాళ్లమ్మ పట్టు. ఏటా పూత మీద పూత పడి స్టిక్కర్లు దాని కింద ఉండిపోయాయి. హైదరాబాదు కోర్సులో ఇవన్నీ చెబుతారా?

"పసుపు కింద చూడు తల్లీ, ఉందో లేదో!" అని ఓనరు గదిలోకి వినబడేట్టు అరిచాను. తడిగుడ్డ తెచ్చి బరబరా రుద్దాను. స్టిక్కర్ బయటపడింది. దాని మీది అంకెలు మాత్రం పసుపుతో పాటే గుడ్డకు అంటుకొచ్చేశాయి. ఓనరు వచ్చి ఆ బోడి స్టిక్కర్ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

ఆ పిల్ల నవ్వితే నాలుగు దులపడానికి సిద్ధంగా ఉన్నాను. నవ్వలేదు. "అక్క చెప్పబట్టే తెలిసింది సార్. లేకుంటే తప్పు రాసేదాన్ని" అంది. దాంతో నాకు ఇంకా కాలింది. దూదికి కొబ్బరినూనె అద్ది మిగతా పెట్టెల పసుపు మెల్లగా తీసింది. ఒక్క అంకె చెక్కు చెదరలేదు. నేను పాడు చేసినదానికి, ఆ కంప్యూటర్ కొన్న దుకాణానికి ఫోన్ చేసి పాత బిల్లు నకలు తెప్పించింది.

ఆధారాలన్నీ చూసి విదేశీ కంపెనీ ఒప్పుకుంది. ఓనరు మా ఇద్దరినీ గదిలోకి పిలిచాడు.

"గిద్దలూరు నువ్వు చూసుకోమ్మా, ఇంటికి దగ్గర" అన్నాడు నాతో.

నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఆ పిల్ల ముఖం మాడిపోయింది. "నేను గూడా అడిగినా గదా సార్. రోజూ రెండు బస్సులు మారి వస్తుండా."

"నువ్వు యాడికి పోతావు పాపా? నువ్వు లేకుంటే ఈడ పని నడవదు" అన్నాడు ఓనరు.

నన్ను పంపడానికి ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

బస్టాండు దాకా ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూనే నడిచింది. "నీకేం అక్కా, కోరింది వచ్చినాది."

ఆ పిల్లను బస్సెక్కించి నేను రైలు స్టేషను దారి పట్టాను. నువ్వు లేకుంటే పని నడవదని ఓనరు ఒక్కసారి నాతో అని ఉంటే, రైలు లేకపోయినా మార్కాపురానికి నడిచి వచ్చేదాన్ని.