పిన్ని పెదవులు

ముఖానికి రంగు పూయించుకునేటప్పుడు మనిషి అబద్ధం ఆడడు. కళ్ళు మూసుకుని గడ్డం పైకెత్తి కూర్చున్నవాడికి కడుపులో మాట దాచుకోవడం కష్టం. మేకప్ పనిలోనే నా జుట్టు సగం నెరిసింది కనుక ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

ఒక లావుపాటి నవలను సినిమాగా తీసినప్పుడు డైరెక్టరమ్మ పేరున్న నటుల జోలికి పోలేదు. ఇంకేదో పని చేసి చేసి ఒళ్ళు అరిగినవాళ్ళే కావాలంది. పెద్దకొడుకు వేషానికి ఒక బస్సు కండక్టరు దొరికాడు. కదలని నేల మీద కూడా కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడతాడు, చెయ్యి పైకెత్తి దేన్నో పట్టుకోబోతాడు. చిన్నకొడుకు ఇదివరకు బట్టల కొట్టులో గుమాస్తా. కోపంగా అనాల్సిన మాట కూడా "ఇంకోటి చూపించమంటారా" అన్నంత మెత్తగా అంటాడు. పక్కింటి పెద్దమనిషి వేషం లెక్కల మాస్టారిది. చెప్పిందే రెండుసార్లు చెబుతాడు, పాపం, వెనక బెంచీ వాళ్ళకు వినపడలేదేమోనని. వీళ్ళ పాత ఉద్యోగాలన్నీ నాకు మేకప్ కుర్చీ దగ్గరే తెలిశాయి. ఒక్కరి సంగతి మాత్రం ముందే తెలుసు. తల్లి వేషం మా పిన్నిది.

పిన్ని నటి కాదు. నాటక సమాజంలో మాటలు అందించేది. నాటకం రాతప్రతి చేత్తో పట్టుకుని పక్కతెర వెనక నిలబడి, వేదిక మీద ఎవరైనా మాట మర్చిపోతే వాళ్ళకు మాత్రమే వినిపించేలా ఊదేది. చూడవచ్చిన జనానికి ఆవిడ ఉన్నట్టే తెలియదు. మా బాబాయిని మాత్రం అందరూ చూశారు. ఆయనది ఎప్పుడూ రాజు వేషమే, అందుకే ఊరందరికీ మహారాజు. మహారాజుగారికి డైలాగు బట్టీపట్టడమంటే నామోషీ. "మీ పిన్ని ఉండగా నాకెందుకే?" అనేవాడు. ఇంట్లోనూ అంతే, కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో కూడా ఆవిడే అందించాలి.

డైరెక్టరమ్మ ఇద్దరినీ పిలిచి చూసింది. మహారాజును వద్దని పిన్నిని తీసుకుంది. బాబాయి మూతి మూడు వంకర్లు తిప్పాడు. "నాకు వేషం లేని సినిమా కూడా ఒక సినిమాయేనా!" అని ఇంట్లో కూర్చున్నాడు, షూటింగు వైపు కన్నెత్తి చూడలేదు. ఇంత వయసొచ్చి ఈ అలకేమిటని నాకు ఒళ్ళు మండింది.

అసలు చిక్కు వేరే దగ్గర వచ్చింది. ఇల్లు పంచుకునే తగవులో కొడుకులిద్దరూ అరుచుకుంటుంటే తల్లి కుర్చీలో కూర్చుని వింటుంది. చివర్లో ఒక్క మాట అంటుంది: "తలుపేసుకుని పోట్లాడుకోండి, వీధిలోకి వినిపిస్తోంది." కథకు గుండెకాయ ఆ సీను. తీరా కెమెరా ముందు కండక్టరు నోరు తెరిస్తే పిన్ని పెదవులు కదులుతున్నాయి. అతను అనబోయే మాటను ఈవిడ ఒక్క క్షణం ముందే అంటోంది, చప్పుడు లేకుండా.

"కట్! అమ్మా, కొడుకులకు మీరే దగ్గరుండి తగవు నేర్పిస్తున్నట్టుందమ్మా," అంది డైరెక్టరమ్మ.

అందరూ నవ్వారు, పిన్ని కూడా. మళ్ళీ తీశారు, మళ్ళీ కదిలాయి. పెదవులు బిగించమంటే అలిగిన అత్తగారిలా తయారైంది. నోట్లో నీళ్ళు పట్టమని నేను సలహా ఇచ్చాను. గుటుక్కున మింగేసి మరీ కండక్టరుకు మాట అందించింది! సాయంత్రానికి ఇక ఎవరికీ నవ్వు రాలేదు.

"రేపు ఒక్క పూట చూస్తానమ్మా. కుదరకపోతే ఇంకొకరిని పెట్టుకోక తప్పదు," అని డైరెక్టరమ్మ తల దించుకునే చెప్పింది.

రంగు తుడుస్తూ పిన్నిని కేకలేశాను. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు? మర్చిపోతే ఆ కండక్టరు మర్చిపోతాడు. మళ్ళీ తీస్తారు. నీకేం?"

"తెలుసే. కానీ వాడు నోరు తెరిచాడంటే నా ప్రాణం పీచుపీచుమంటుంది. మర్చిపోతే ఎవరున్నారు వాడికి?" అంది. అద్దంలోకి చూసుకుంటూ, "నాకీ వేషం కావాలే అమ్మాయ్. ఒక్కసారైనా జనం నన్ను చూడాలనుంది," అంది.

ఫలానాది కావాలని పిన్ని నోట వినడం నాకదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. తిన్నగా బాబాయి దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను.

"ఇక అలకపాన్పు దిగండి మహారాజా! రేపు ఆవిడ వేషం పోతుంది," అన్నాను.

ఆయన లేచి కళ్ళజోడు తనే వెతుక్కున్నాడు. "ఆ డైలాగు కాగితాలు నీ దగ్గరున్నాయా?" అని మాత్రం అడిగాడు.

మర్నాడు పొద్దున్నే బాబాయి సెట్లో ప్రత్యక్షం! కాగితాలు పట్టుకుని, వంటగది గుమ్మానికున్న తెర చాటున, కెమెరాకు కనబడకుండా, కొడుకులిద్దరికీ మాత్రం కనిపించేలా నిలబడ్డాడు.

"ఇదిగో, విను," అన్నాడు పిన్నితో. "ఇవాళ అందించేది నేను. ఎవడు మర్చిపోయినా పూచీ నాది. నువ్వు నీ వేషం చూసుకో."

"మీరా? మీ గుసగుస నాలుగు వీధులకు వినిపిస్తుంది!"

"పెదవులే కదుపుతాను, చప్పుడు రానివ్వను. ఇద్దరి మాటలూ బట్టీపట్టాను. కావాలంటే అప్పజెప్పించుకో."

పిన్ని ఆయన ముఖంలోకి తేరిపార చూసింది. అప్పజెప్పించుకోలేదు. వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

తగవు మొదలైంది. నేను కొడుకుల్ని చూడలేదు, పిన్ని పెదవులే చూస్తున్నాను. కదలలేదు. మధ్యలో చిన్నకొడుకు ఒక మాట దగ్గర ఆగిపోయాడు. పిన్ని మాత్రం ఆ కుర్రాడి ముఖం చూస్తూ అలాగే ఉంది, అమ్మ చూసినట్టు. అతను తెర వైపు ఓరగా చూసి మాట అందుకున్నాడు. ఆఖర్న పిన్ని తన మాట తను అంది. ఆవిడకు అంత గొంతు ఉందని నాకు తెలియదు.

"ఓకే!" అంది డైరెక్టరమ్మ కళ్ళు తుడుచుకుంటూ. అందరూ చప్పట్లు కొడుతుంటే పిన్ని లేచి తెర వెనక్కి వెళ్ళింది. వెంట నేనూ వెళ్ళాను. బాబాయి చెమటతో తడిసి గోడకు ఆనుకుని ఉన్నాడు.

"ఇన్నేళ్ళూ ఇలాగే నిలబడ్డావా నువ్వు?" అన్నాడు. "నీకొక స్టూలైనా వేయించలేదేమే నేను?"

"మీ మీద దీపాలుండేవిగా. అక్కణ్ణుంచి ఇటు కనబడదు లెండి," అంది పిన్ని, ఆయన నుదురు అరచేత్తో తుడుస్తూ.

అంత మనిషీ ఆవిడ భుజం మీద తల పెట్టుకుని ఏడ్చేశాడు.